వీధి చివరి అడ్డుబల్ల

మా వీధికి ఒక్క చివరే ఉండేది. రెండో చివర అడ్డుబల్ల. ఎర్ర చారలు, తెల్ల చారలు వేసిన పొడవాటి చెక్కను రెండు ఇనపగుంజలకు బోల్టులతో బిగించారు. దాని కింద చిన్న రేకు మీద "ఈ వీధి మున్ముందు పొడిగించబడును" అని నగరం వాళ్ళు రాయించారు. ఆ రేకును ఎవరమూ చూసిన పాపాన పోలేదు, ఎందుకంటే చివరింటి నెడ్రా దాని ముందు పసుపు లిల్లీలు నాటింది. జూన్ వచ్చేసరికి రేకు పూలలో మునిగిపోయేది. రాసిన మాటను పూలతో కప్పేస్తే మాట పోతుందా అంటే, పోతుందనే అనుకుంటూ ఏళ్ళు గడిపేశాం.

బల్ల అవతల మొక్కజొన్న చేను ఉండేది. ఇండియానాలో మా ఊరిలాంటి ఊళ్ళు మరీ పెద్దవీ కావు, చిన్నవీ కావు. పైకి పెరగవు, పక్కకు పాకుతాయి. పాకుడు ఎక్కడ ఆగితే అక్కడ వీధికి ఒక బల్ల కొట్టి పోతారు, మళ్ళీ పాకినప్పుడు చూసుకోవచ్చని. నేను చెప్పబోయే వేసవికి రెండేళ్ళ ముందు చేను అమ్ముడుపోయి కొత్త కాలనీ లేచింది. వాళ్ళ వీధి మా బల్లకు నాలుగు బారల దూరంలోకి వచ్చి ఆగిపోయింది. మధ్యలో మిగిలింది పిచ్చిమొక్కల పట్టీ ఒకటే.

ఆ కొత్త కాలనీలో, చివర నుంచి మూడో ఇంట్లో, ఆ వేసవికి ముందటి మార్చిలో మా అమ్మ దిగింది.

మా వంటింటి కిటికీలోంచి చూస్తే అమ్మ వంటింటి తెర మీద పువ్వులు కనిపించేవి. నడిచి వెళ్తే కప్పులో కాఫీ చల్లారదు. కారులో వెళ్ళాలంటే మాత్రం మా వీధి మొదటికి పోయి, హైవే ఎక్కి, ధాన్యం నిలవచేసే గోపురాలు దాటి, అద్దె గోదాములు దాటి, చుట్టూ ఎకరాల కొద్దీ కార్లు నిలిపే స్థలం ఉన్న చర్చి దాటి, ఎడమ మలుపు దగ్గర ఈ జన్మకి పచ్చదీపం వెలగదేమో అనిపించేదాకా కూర్చుని, ఆ పైన కొత్త కాలనీ వంకర వీధుల్లో తిరిగి తిరిగి చేరాలి. అమ్మకు చూపు మధ్యలో మసక కమ్మింది. అంతకుముందు శీతాకాలంలో కారు తాళాలు తనంతట తనే తెచ్చి నా చేతిలో పెట్టింది. మా వైపు ముసలివాళ్ళు తాళాలు ఇచ్చేయడమంటే కాళ్ళు ఇచ్చేయడమే. అందుకే వెతికి వెతికి ఆ ఇల్లు చూశాం. "కారు లేకపోతే ఏమైందే రోండా, కాళ్ళున్నాయిగా," అని నవ్వింది అమ్మ.

బల్లకూ నెడ్రా వాళ్ళ కంచెకూ మధ్య మనిషి పట్టే సందు ఉండేది. సాయంత్రం నేను పళ్ళ డాక్టరు దగ్గర పని ముగించుకుని వచ్చేసరికి అమ్మ ఆ సందులోంచి వచ్చి, మా వెనక మెట్ల మీద కూర్చుని, మా అమ్మాయి జోసీ చేత పుస్తకం చదివించుకుంటూ ఉండేది. చేతిలో ఎప్పుడూ ఏదో ఒక గిన్నె, పైన అల్యూమినియం రేకు కప్పి. రూబార్బ్ కేకు మా అమ్మ చేసినట్టు ఆ జిల్లాలో ఎవరూ చేయలేరు. ఆ పుల్లటి కాడల్ని ఏం చేస్తుందో ఏమో, తిన్నవాళ్ళు గిన్నె గీకి మరీ తినేవాళ్ళు.

భోజనానికి ఉండమంటే మాత్రం వెంటనే ఉండదు. ఇక్కడ మా మనుషుల సంగతి ఒకటి చెప్పాలి. మా వైపు ఎవరైనా ఏదైనా ఇస్తామంటే మొదటిసారి "వద్దు" అనాలి. రెండోసారి "అబ్బే, మీకెందుకు శ్రమ" అనాలి. మూడోసారి అడిగితే అప్పుడు "సరే, మీరింతగా అంటున్నారు కాబట్టి కొంచెం" అనాలి. మొదటిసారే తీసుకున్నవాణ్ణి ఆబగాడంటారు. ఒక్కసారే అడిగి ఊరుకున్నవాణ్ణి పిసినారి అంటారు. మా అమ్మ ఈ విద్యలో ఆరితేరినది. నా భర్త డ్వేన్ ఆమెకు సరైన జోడీ.

"ఉండండమ్మా, భోంచేసి వెళ్దురుగాని," అనేవాడు. తన తల్లి చిన్నప్పుడే పోయింది కాబట్టి పెళ్ళయిన రోజు నుంచీ మా అమ్మను అమ్మా అనే పిలుస్తాడు.

"వద్దు నాయనా, ఇంట్లో ఏదో ఉంది."

"ఆ ఏదో రేపు తినొచ్చు. కూర్చోండి."

"అబ్బే, మీకెందుకు శ్రమ."

"అమ్మా, పళ్ళెం పెట్టేశాను."

"సరే, పెట్టేశావు కాబట్టి." అప్పుడు కూర్చునేది. రోజూ ఇదే తంతు. జోసీ ఇద్దరినీ చూస్తూ పెదాలు కదుపుతూ అప్పజెప్పేది, బడిలో పద్యం అప్పజెప్పినట్టు.

జూన్ మొదటివారంలో నగరం వాళ్ళు బల్ల పక్కన ఒక బోర్డు పాతారు. రెండు వీధులనూ కలపాలనుకుంటున్నాం, అభ్యంతరాలుంటే జూలైలో నగరసభకు వచ్చి చెప్పుకోండి అని దాని సారాంశం. అంతే, మా వీధికి నిద్ర లేదు.

మా వీధిలో సాయంత్రమైతే గరాజు తలుపులన్నీ ఎత్తి ఉంటాయి. కార్లు బయటపెట్టి, గరాజులో మడత కుర్చీలు వేసుకుని, వీధికేసి తిరిగి కూర్చుంటాం. ఒక గరాజులోంచి ఇంకో గరాజుకు కబుర్లు. తలుపు ఎత్తి ఉంటే రమ్మని, దించి ఉంటే వద్దని. నెడ్రా మొగుడు వర్జిల్ గరాజు మాకు పంచాయతీ ఆఫీసు. ఆ బోర్డు పాతిన సాయంత్రం వీధి మగాళ్ళంతా అక్కడే చేరారు. వీధిని కలిపితే హైవే మీది కొత్త బజారుకు పోయే ప్రతి బండీ ఎర్రదీపాలు తప్పించుకోవడానికి మన గుమ్మాల ముందు నుంచే పోతుందని తేల్చారు. అది అబద్ధం కూడా కాదు. ఈ పోరాటానికి పెద్దగా ఎవరుండాలంటే అందరూ డ్వేన్ వైపే చూశారు.

ఎందుకు చూశారో నాకు తెలుసు. జోసీకి నాలుగేళ్ళప్పుడు, మా పాత ఇంటి ముందు, దారి కలిసొస్తుందని ఆ వీధిలో దూరిన ఒక వ్యాను దాన్ని గుద్దేసింది. బతికింది. ఎడమకాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తుంది. ఆ తర్వాత ఈ ఊళ్ళో చివర మూసి ఉన్న వీధి ఎక్కడుందా అని డ్వేన్ ఆదివారాలన్నీ కారేసుకుని తిరిగాడు. ఈ ఇంటికి వంటగది చూడలేదు, పడకగది చూడలేదు. తిన్నగా వెళ్ళి ఆ అడ్డుబల్ల మీద చెయ్యి వేసి, "ఇదే మనిల్లు," అన్నాడు.

మర్నాటికి అన్ని ఇళ్ళ ముందూ గడ్డిలో "మా వీధిని మూసే ఉంచండి" అన్న అట్టలు వెలిశాయి. మా ఇంటి ముందు రెండు. ఆ సాయంత్రం అమ్మ సందులోంచి వచ్చి, వాటి మధ్య నుంచి నడిచి, కేకు గిన్నె భోజనాల బల్ల మీద పెట్టింది. చూపు మసకే కానీ అంత పెద్ద అక్షరాలు కనిపించకుండా పోవు.

డ్వేన్ మొహం ఎర్రబడింది. "అది మిమ్మల్ని ఉద్దేశించి కాదమ్మా."

"నాకు తెలీదా నాయనా. మీ వీధి, మీ ఇష్టం. మీకు ఏది మంచిదనిపిస్తే అదే చేయండి."

భోజనానికి ఉండమంటే ఉంది, మూడోసారికే. కానీ తినగానే లేచి వెళ్ళిపోయింది. ఒక పక్క కట్టుకున్నవాడు, ఒక పక్క కన్నది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో ఆ వేసవిలో నాకు బాగా తెలిసొచ్చింది.

ఆ తర్వాతి శనివారం వెనక మెట్ల మీద కూర్చుని ఇద్దరం మొక్కజొన్న కంకులు ఒలుస్తున్నాం. అన్నాళ్ళూ మింగుతూ వచ్చిన మాట ఇక ఆగలేదు.

"నువ్వు మా అమ్మ దారికి అడ్డం నిలబడ్డావు డ్వేన్."

"మీ అమ్మ దారికి కాదు. బళ్ళ దారికి."

"రెండూ ఒకటే దారి."

"ఆవిడ సందులోంచి వస్తూనే ఉందిగా. ఎవరైనా వద్దన్నారా?"

"ఇప్పుడు జూన్. జనవరిలో? మోకాలిదాకా మంచు పడితే ఆ పిచ్చిమొక్కల్లో ఎట్లా వస్తుంది? నగరం బండి మంచు తీసేది రోడ్డు మీద. సందులో కాదు. నెలల తరబడి ఆ ఇంట్లో ఒక్కతే గోడలు చూస్తూ కూర్చోవాలా?"

"నేను తీస్తా మంచు. రోజూ పొద్దున్నే పార పట్టుకుని."

"నీ నడుం సంగతి నాకు చెప్పకు. పోయినేడు మన గుమ్మం ముందు తీసి వారం పడుకున్నావు."

అతను కంకి పక్కన పెట్టాడు. ఇంటి ముందు వీధిలో జోసీ సైకిలు తొక్కుతోంది. కుడి పెడల్ గట్టిగా, ఎడమ పెడల్ మెల్లగా, ఆ చప్పుడు మా ఇద్దరికీ గుండె చప్పుడంత తెలుసు.

"నువ్వు చెప్పు రోండా," అన్నాడు మెల్లగా. "బల్ల తీసేశాక అది అట్లా తొక్కుతుంటే నువ్వు లోపల వంట చేసుకోగలవా?"

ఇద్దరి మాటా నిజమే అయినప్పుడు పోట్లాట తెగదు. మిగిలిన కంకులు ఒలుస్తూ పీచు మీద నా కోపమంతా చూపించాను.

ఇంట్లో మాటలు తగ్గాయి. "ఉప్పు ఇటివ్వు", "జోసీ పళ్ళు తోముకుందా", అంతవరకే. ఒకరోజు పని నుంచి వచ్చేటప్పుడు మా ఇంటి ముందున్న అట్టల్లో ఒకటి పీకి గరాజులో గోడకు ఆనించాను. రెండోదాన్ని ముట్టుకోలేదు. అది డ్వేన్ వాటా. అతను చూసీ దాన్ని మళ్ళీ పాతలేదు. వీధి మాత్రం చూసి ఊరుకోలేదు. మర్నాడు నేను ఉత్తరాల డబ్బా దగ్గరికి వెళ్తుంటే వర్జిల్ తన గరాజులోంచి పిలిచాడు.

"రోండా, ఒక్కమాటమ్మా. మీ అమ్మగారు నగరసభకు వస్తారటగా?"

"వస్తే?"

"ఏం లేదు. అవతలి కాలనీ వాళ్ళు పెద్దావిణ్ణి ముందు నిలబెట్టి పని చేయించుకుంటారేమోనని. మీ ఇంట్లోంచే రెండు మాటలొస్తే చూసేవాళ్ళకి బాగుండదు."

"మా అమ్మ నోరు మా అమ్మది వర్జిల్. నేను కుట్టలేను, మీరూ కుట్టలేరు."

వర్జిల్ నా మొహంలోకి చూశాడు. కుర్చీలోంచి లేవకుండానే గోడ మీది మీట నొక్కాడు. గరాజు తలుపు మెల్లగా, గరగరమంటూ, ముందు అతని టోపీని, తర్వాత చొక్కాని, చివరికి చెప్పుల్ని కప్పేస్తూ దిగిపోయింది. తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. ఇంటికి వచ్చి మొహం కడుక్కున్నాను, జోసీకి కనిపించకూడదని.

నగరసభ రోజు సాయంత్రం అమ్మను తీసుకెళ్ళాల్సింది ఎవరనుకున్నారు? డ్వేనే. వేరే కారులో వెళ్దామని నేనంటే, "ఆవిణ్ణి నేను తీసుకెళ్ళకపోతే ఇంకెవరు తీసుకెళ్తారు," అని తాళాలు తీసుకున్నాడు. ధాన్యం గోపురాలు, గోదాములు, చర్చి, ఎడమ మలుపు దీపం. ఎర్రదీపం ముందు ఇద్దరం చాలాసేపు కూర్చున్నాం. అమ్మ చర్చికి వేసుకునే నీలం గౌను వేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. డ్వేన్ దిగి తలుపు తీసి, ఆమె మోచెయ్యి పట్టి ఎక్కించాడు.

"మీకు పెద్ద చుట్టు అయింది," అంది అమ్మ, నొచ్చుకుంటూ.

"అబ్బే, ఎంతసేపమ్మా," అన్నాడు డ్వేన్.

సభలో మా వీధివాళ్ళు ఒక పక్క, కొత్త కాలనీ వాళ్ళు ఒక పక్క కూర్చున్నారు. అమ్మ మధ్య నడవ పక్కన, నా పక్కన కూర్చుంది. డ్వేన్ లేచి మాట్లాడాడు. జోసీ పేరెత్తలేదు, కాలు సంగతీ ఎత్తలేదు. బళ్ళ సంఖ్య గురించీ పిల్లల గురించీ చెప్పాడు. తర్వాత అవతలివాళ్ళు మాట్లాడారు. మంటలార్పే బండి చుట్టూ తిరిగి రావాలన్నారు, బడి బస్సు అన్నారు.

సభ్యుల్లో కారుసో అని ఒకాయన ఉన్నాడు. న్యూజెర్సీ నుంచి వచ్చి మా ఊళ్ళో స్థిరపడ్డాడు, మంచివాడు, చెప్పింది శ్రద్ధగా వింటాడు. కళ్ళజోడు సర్దుకుని కాగితంలో ఏదో చూసి, "లవాన్ గారెవరండీ?" అన్నాడు. అమ్మ చెయ్యెత్తింది.

"మీరు కారు నడపరని, మీ అమ్మాయి ఇల్లు ఈ బల్లకు అవతలే ఉందని ఇక్కడ రాశారు. చెప్పండమ్మా, ఈ దారి తెరిస్తే మీకు ఉపయోగంగా ఉంటుందా? మీకు కావాలా?"

సభంతా అమ్మ వైపు తిరిగింది. డ్వేన్ నేల చూస్తున్నాడు. అమ్మ లేచి నిలబడి, గౌను ముడతలు సర్దుకుని, చిరునవ్వుతో చెప్పింది.

"అయ్యో వద్దు బాబూ. నా ఒక్కదాని కోసం మీరంతా శ్రమపడకండి."

కారుసో తల ఊపాడు. "ధన్యవాదాలమ్మా," అన్నాడు. ఏదో రాసుకున్నాడు. తర్వాతి పేరు పిలిచాడు.

అమ్మ ఇంకా నిలబడే ఉంది. ఎవరో చెయ్యి పట్టి కూర్చోబెట్టే దాకా నిలబడే ఉంది. ఆ ఎవరో నేనే. నేను చెయ్యెత్తేసరికి జనం మాట్లాడే సమయం అయిపోయిందన్నారు. ఓట్లేశారు. ఒక్క ఓటు తేడాతో వీధి మూసే ఉంచాలని తేలింది. ఆ ఒక్క ఓటూ కారుసోది. కావాల్సిన మనిషే వద్దంటే ఆయనేం చేస్తాడు పాపం. మా వీధివాళ్ళు చప్పట్లు కొట్టారు, వర్జిల్ డ్వేన్ భుజం చరిచాడు.

తిరిగి వచ్చేటప్పుడు కారులో నేను ఆగలేకపోయాను.

"అట్లా ఎందుకన్నావమ్మా?"

"ఏమన్నానే? పెద్దమనుషులు, పనులు మానుకుని కూర్చున్నారు. అడగ్గానే 'ఆ, నాకు కావాలి' అంటామా ఎక్కడైనా? ఏమనుకుంటారు?"

"ఆయన మళ్ళీ అడుగుతాడనుకున్నావా?"

అమ్మ కాసేపు కిటికీలోంచి బయటికి చూసింది. అద్దె గోదాముల దీపాలు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి.

"అడగాలి కదా మరి," అంది.

ఎడమ మలుపు దగ్గర పచ్చదీపం వెలిగింది. డ్వేన్ కదల్లేదు. వెనక కారు హారన్ కొట్టేదాకా రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని అట్లాగే కూర్చున్నాడు.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. మా ఊళ్ళో అమ్మే అడగదు.

ఆ మర్నాటి నుంచి అమ్మ రావడం మానేసింది. సందు అట్లాగే ఉంది, ఎవరూ మూయలేదు. పనినుంచి వచ్చి చూస్తే వెనక మెట్లు ఖాళీ. ఫోన్ చేశాను.

"ఓటేశారు గదమ్మా," అంది. "అందరూ కలిసి మూసుకున్న దారి. నేను పక్క సందులోంచి దూరి రావడం ఏం మర్యాద?"

"నిన్నెవరూ ఆపరమ్మా."

"ఆపరు. వాళ్ళు మంచివాళ్ళు. అందుకే రాకూడదు."

"ఈ పూట ఏం తిన్నావు?"

"ఏదోలే. పాలల్లో కార్న్‌ఫ్లేక్స్."

మరోరోజు జోసీ సందులోంచి పరుగెత్తింది. అమ్మ దానికి బిస్కట్లు ఇచ్చి, "అట్లా దూరి రాకూడదమ్మా, మీ నాన్న వాళ్ళు వద్దనుకున్న దారి ఇది," అని చెప్పి, నాకు ఫోన్ చేసి, కారులో వచ్చి తీసుకెళ్ళమంది. అది కోపమో మర్యాదో నాకు ఇప్పటికీ తెలియదు. మా వైపు ఆడవాళ్ళు ఆ రెండింటినీ ఒకే గిన్నెలో వండుతారు. నేను పని ముగించుకుని, అలిసిపోయి, చుట్టు తిరిగి వెళ్ళి భోజనం పళ్ళెం ఇచ్చి వచ్చేదాన్ని. వెళ్ళినప్పుడల్లా ఆమె మెడ దగ్గర ఎముకలు ఇంకొంచెం తేలినట్టు కనిపించేవి. ఆగస్టు ఎండలకు పిచ్చిమొక్కలు ఎండిపోయాయి. అప్పుడే నేను మంచు గురించి ఆలోచిస్తూ పడుకునేదాన్ని.

డ్వేన్ గెలిచినవాడిలా లేడు. వర్జిల్ గరాజులో విందు చేస్తే వెళ్ళి కాసేపుండి వచ్చేశాడు. భోజనాల దగ్గర నాలుగో పళ్ళెం ఇంకా తనే పెట్టేవాడు. తిన్నాక తనే తీసేసేవాడు. ఒకరోజు జోసీ ఆ ఖాళీ కుర్చీ వైపు తిరిగి, "అబ్బే, మీకెందుకు శ్రమ," అంది అమ్మమ్మ గొంతుతో. మమ్మల్ని నవ్వించాలనే అంది. డ్వేన్ లేచి బయటికి వెళ్ళిపోయాడు.

సెప్టెంబరు మొదటి సోమవారం కార్మికుల సెలవు. ఏటా ఆ రోజు మా వీధి చివర, సరిగ్గా అడ్డుబల్ల ముందు, వీధి మధ్యలో మడత బల్లలు వేసుకుని అందరం భోంచేస్తాం. బళ్ళు రాని వీధికి అదొక భోగం. అందరూ తలా ఒక గిన్నె తెస్తారు. ఆ ఏడూ వర్జిల్ పొయ్యి మీద సాసేజ్‌లు కాలుస్తున్నాడు. అతను నాతో ఇంకా మాట్లాడటం లేదు. పిల్లలు సైకిళ్ళకు రంగుకాగితాలు కట్టి తిరుగుతున్నారు.

"మీ అమ్మకు నేను ఫోన్ చేశాను," అంది నెడ్రా నా చెవిలో. "ఆ కేకు లేకుండా ఏం పండగే? సరేనంది."

నేను నమ్మలేదు. కానీ కాసేపటికి జోసీ "అమ్మమ్మ" అంది.

అమ్మ బల్ల అవతల నిలబడి ఉంది. నీలం గౌను, చేతుల్లో రేకు కప్పిన గిన్నె. పిచ్చిమొక్కలు దాటి వచ్చింది, బల్ల దగ్గర ఆగింది. సందు ఆమెకు చేతికందేంత దూరంలో ఉంది. ఆమె దానివైపు చూడను కూడా చూడలేదు. పిలిచిన ఇంటి గుమ్మం మూసి ఉంటే వీధిలో నిలబడ్డ చుట్టంలా నిలబడింది.

మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. పొయ్యి మీద నూనె చిటపటలు వినిపించాయి. నేను లేవబోయాను, కానీ డ్వేన్ అప్పటికే లేచాడు. బల్ల దగ్గరికి వెళ్ళాడు. ఇటు అతను, అటు ఆమె, మధ్యలో చారల చెక్క.

"రండమ్మా," అన్నాడు.

"వద్దు నాయనా. నెడ్రా అడిగిందని తెచ్చాను. ఇది అందుకో, నేను వెళ్తా."

అతను గిన్నె అందుకోలేదు. "రండి. కుర్చీ వేసి ఉంది."

"అబ్బే, మీ అందరి మధ్యలో నేనెందుకు. మీకు శ్రమ."

డ్వేన్ కాసేపు ఆమెను చూశాడు. తర్వాత వీధి మధ్యలోకి చూశాడు, జోసీ సైకిలు ఆపి ఒక కాలు నేలకు ఆనించి నిలబడ్డ చోటికి. ఆ చూపులో ఎంత భయం ఉందో నాకు తెలుసు. వెనక్కి తిరిగి మా గరాజులోకి వెళ్ళిపోయాడు. అమ్మ చేతుల్లో గిన్నె కొంచెం కిందికి వాలింది. ఇక అంతే అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

అతను తిరిగి వచ్చేటప్పుడు చేతిలో పెద్ద రెంచి ఉంది. బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, తుప్పుపట్టిన మొదటి బోల్టుకు దాన్ని తగిలించి, బలంగా తిప్పాడు.

"డ్వేన్," అన్నాడు వర్జిల్, చేతిలో పట్టకారు అట్లాగే పట్టుకుని. "అది నగరం ఆస్తి."

"తెలుసు. రేపు నేనే వెళ్ళి చెప్తా."

"మనం గెలిచాం కదా."

"గెలిచాం," అన్నాడు డ్వేన్. బోల్టు కిర్రుమంది.

"ఏం చేస్తున్నావు నాయనా," అంది అమ్మ, కంగారుగా. "నాకోసం ఎందుకు ఇదంతా."

డ్వేన్ తలెత్తలేదు. "మూడోసారి అడుగుతున్నానమ్మా," అన్నాడు.

అమ్మ గిన్నెను రెండు చేతులా దగ్గరికి పట్టుకుంది. ఆమె గడ్డం వణకడం నేను చూశాను. వర్జిల్ పట్టకారు పక్కన పెట్టి ఇంటికేసి నడిచాడు. గరాజు తలుపు దిగుతున్న చప్పుడు వీధంతా వింది. ఆ తలుపు మాకు మళ్ళీ ఎత్తడానికి అతనికి రెండేళ్ళు పట్టింది. నెడ్రా మొగుడి వెంట వెళ్ళలేదు. రెండో బోల్టు ఊడేసరికి చెక్క ఒక పక్కకు ఒరిగింది. ఆమె వచ్చి రెండో కొస పట్టుకుంది.

"నా లిల్లీల మీద పడేయకు," అంది. "అటు పెట్టు."

ఇద్దరూ ఆ చెక్కను ఎత్తి గడ్డి మీద పెట్టారు. అమ్మ గిన్నెతో సహా వీధి మధ్యలోంచి నడిచి వచ్చింది. డ్వేన్ మోకాళ్ళు దులుపుకుని కుర్చీ లాగాడు. "సరే, తీసేశావు కాబట్టి," అంది అమ్మ, కూర్చుంటూ.

నగరం వాళ్ళు మర్నాడే బల్ల మళ్ళీ బిగించారు, డ్వేన్‌కు చీవాట్లు పెట్టారు. అతను పడ్డాడు. పడి, ఈ సంగతి మళ్ళీ విచారించాలని అడిగాడు. అక్టోబరులో విచారించారు. ఈసారి అతను సభలో జోసీ కాలు గురించి చెప్పాడు, అమ్మ కళ్ళ గురించి చెప్పాడు, రెండూ ఒకే వీధిలో బతకాలన్నాడు. కాలిబాట వేయండి, కార్లు దూరకుండా మధ్యలో గుంజలు పాతండి, మంటలార్పే బండి వస్తే ఆ గుంజలు ఊడేలా ఉండాలి, మంచు మాత్రం మీరే తీయాలి, అన్నాడు. అటువాళ్ళకీ ఇటువాళ్ళకీ పూర్తిగా నచ్చలేదు. సగం సగం దొరికిందంటే మా ఊళ్ళో అది మంచి బేరమే.

ఓట్లకు ముందు కారుసో కళ్ళజోడు సర్దుకుని అమ్మ వైపు తిరిగాడు. పాపం, ఆయనకు మా పద్ధతి ఇంకా ఎవరూ చెప్పలేదు. ఈసారీ ఒక్కసారే అడిగాడు.

"లవాన్ గారూ, మీకు ఈ దారి కావాలా?"

అమ్మ లేచింది. గౌను సర్దుకుంది. పక్కన కూర్చున్న డ్వేన్ చెయ్యి ఆమె మోచెయ్యి కింద ఉంది.

"కావాలి బాబూ," అంది.

తర్వాత కూర్చుంటూ, "మీకు శ్రమ కాకపోతేనే," అని మెల్లగా అంది కానీ, అప్పటికే ఆయన రాసేసుకున్నాడు.